ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి దాకా: ట్రాన్స్‌జెండర్ పేషెంట్లకు మర్యాదగా వైద్యం చేయడం ఎలా

కొన్నేళ్ల క్రితం సంగతి. అప్పట్లో నేను పనిచేసే ఆసుపత్రిలో సోమవారం ఓపీ అంటే జాతరే. కౌంటర్లో కుర్రాడు ఆధార్ మీదున్న పేరు చూసి గట్టిగా పిలిచాడు. మగపేరు. బెంచీ మీద నుంచి చీర కట్టుకున్న ఒకావిడ లేచారు. హాలంతా తల తిప్పి చూసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నా గది గుమ్మం దాకా వచ్చి, చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు. నాకు కనిపించింది ఆవిడ వీపు మాత్రమే.

మూడు వారాలు తిరక్కుండా ఒక రాత్రి ఆవిణ్ణి ఆటోలో క్యాజువాలిటీకి తెచ్చారు. మూత్రం పూర్తిగా ఆగిపోయి, పొత్తికడుపు కుండలా బిగిసిపోయింది. ఎప్పుడో చేయించుకున్న నిర్వాణం (పురుషాంగం, వృషణాలు తీయించుకోవడం) తాలూకు మచ్చ దగ్గరపడి మూత్రం వచ్చే దారి మూసుకుపోయింది. మొదటిసారి వచ్చింది ‘సన్నగా వస్తోంది, మంటగా ఉంది’ అని చెప్పుకోవడానికే.

తప్పు కౌంటర్ కుర్రాడిదని చెప్పి నేను తప్పుకోవచ్చు. కానీ ఆ చీటీలో పిలవాల్సిన పేరు రాసుకునే గడే లేదు. ఆవిడ లోపలికి వచ్చి కూర్చున్నా, నేను సరైన ప్రశ్న అడిగి ఉండేవాణ్ణని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. ఎంబీబీఎస్‌లో మాకు ఇది నేర్పలేదు. ఆ తర్వాత పేషెంట్ల దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. పీహెచ్‌సీ డాక్టర్లు, సిస్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, చిన్న క్లినిక్ నడుపుకునేవాళ్లు ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి మెట్టు: మాటలు సరిచేసుకోండి

మనం మూడు వేర్వేరు విషయాలను ఒక మూటలో కట్టేస్తుంటాం. పుట్టినప్పుడు శరీరాన్ని చూసి మంత్రసానో డాక్టరో ‘ఆడపిల్ల’, ‘మగపిల్లాడు’ అని చెప్పడం ఒకటి. ‘నేను ఆడ’, ‘నేను మగ’, ‘నేను రెండూ కాదు’ అని మనిషికి తన గురించి తనకు లోపల తెలిసేది రెండోది. జెండర్ ఐడెంటిటీ అంటే ఇదే. ఎవరి మీద మనసు పడుతుందనేది మూడోది. మొదటిదీ రెండోదీ కలిసి ఉంటే ఆ మనిషి ఈ సంగతి గురించి జీవితంలో ఒక్కసారి కూడా ఆలోచించరు. కలవనివాళ్లు రోజూ ఆలోచించక తప్పదు. మూడోదానికీ రెండోదానికీ ముడి లేదు.

మగబిడ్డ అని రాయించుకుని పుట్టి, తనను స్త్రీగా ఎరిగిన మనిషి ట్రాన్స్ మహిళ. దీనికి అటువైపు ట్రాన్స్ పురుషుడు. రెండు గడుల్లోనూ ఇమడనివాళ్లు నాన్‌బైనరీ. ఇంటర్‌సెక్స్ వేరే సంగతి: అది పుట్టుకతోనే శరీరంలో, క్రోమోజోముల్లో, హార్మోన్లలో ఉండే తేడా. హిజ్రా అనేది గురువు, చేలాలు (శిష్యులు), ఇల్లు, కట్టుబాట్లు ఉన్న ఒక సమాజం. శివశక్తులు దేవుడికో దేవతకో అంకితమైనవారు. ట్రాన్స్ మహిళలందరూ హిజ్రాలు కారు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్లివచ్చే ట్రాన్స్ మహిళకు ఏ గురువూ ఉండకపోవచ్చు. ఇక ట్రాన్స్ పురుషులు మన కళ్లకే ఆనరు. రైళ్లలో, సిగ్నళ్ల దగ్గర కనబడరు కదా, అసలు లేరనుకుంటాం. గడ్డం పెంచుకుని మీ ఎదుట కూర్చున్న అబ్బాయి ట్రాన్స్ పురుషుడు కావచ్చు, మీకు తెలియకుండానే మీరు పదిమందికి మందు రాసి ఉండవచ్చు.

పత్రికల్లో ‘లింగమార్పిడి చేయించుకున్నవారు’ అని రాస్తారు. నాకది నచ్చదు. ఆపరేషన్ చేయించుకున్నారా లేదా అన్నదానితో మనిషి ఎవరనేది తేలదు. చాలామంది చేయించుకోరు. కొందరికి అక్కర్లేదు, కొందరికి డబ్బు లేదు, కొందరికి ఆరోగ్యం సహకరించదు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. ఎవరి జెండర్‌ను వారే నిర్ణయించుకోవచ్చు, ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టకూడదు.

ఇది జబ్బా అని ఇప్పటికీ అడుగుతారు, డాక్టర్లు కూడా. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేసింది. వైద్యం అందడానికి ఒక కోడ్ కావాలి కాబట్టి లైంగిక ఆరోగ్యం అధ్యాయంలో ఉంచింది. ‘మా వాణ్ణి మామూలుగా మార్చండి డాక్టర్ గారూ’ అని తల్లిదండ్రులు తీసుకొస్తే మార్చే మందు లేదని చెప్పండి. అలా మారుస్తానని పూనుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. ఆ తల్లిదండ్రులను మాత్రం తిట్టి పంపకండి. భయంతో వచ్చారు. బాబాల దగ్గరికి కాకుండా మీ దగ్గరికి వచ్చినందుకు సంతోషించి, పిల్లను వేరుగా, పెద్దవాళ్లను వేరుగా కూర్చోబెట్టి మాట్లాడండి.

రెండో మెట్టు: ఓపీ కౌంటర్

నన్నడిగితే సగం వైద్యం ఇక్కడే జరుగుతుంది, లేదా ఇక్కడే చెడిపోతుంది.

చీటీ మీద రెండు గడులు పెట్టండి: ‘కార్డులో ఉన్న పేరు’, ‘పిలవాల్సిన పేరు’. కొత్త చీటీలు అచ్చయ్యేదాకా ఆగనక్కర్లేదు, పెన్నుతో రాసుకోవచ్చు. బీమాకు, ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు మొదటిది కావాలి. హాల్లో నోటితో పలికేది రెండోదే. ఇంకా తేలిక దారి టోకెన్ నంబరు పిలవడం. దానివల్ల బాగుపడేది ట్రాన్స్‌జెండర్లు ఒక్కరే కాదు. పైల్స్‌కి వచ్చినాయన, గర్భం పోయి వచ్చినావిడ కూడా పదిమందిలో తమ పేరు వినాలని కోరుకోరు.

జెండర్ గడిలో మొహం చూసి టిక్ పెట్టకండి. ‘ఇక్కడ ఏమని రాయమంటారు?’ అని అడిగితే చాలు. అదీ అందరినీ అడగాలి. ఒకరిని ఎంచుకుని అడిగితే అది విచారణే అవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు: ఏమని పిలవాలి? ఇంగ్లీషువాళ్లు దీని మీద పెద్ద చర్చలే పెట్టుకున్నారు. మనకు అంత కష్టం లేదు. తెలుగులో మర్యాద వాచకానికి లింగం లేదు. ‘మీరు’, ‘వారు’, ‘గారు’, ‘అండి’, ‘వచ్చారు’, ‘కూర్చోండి’... వీటిలో ఒక్కదానికీ ఆడా మగా తేడా లేదు. ఏకవచనంలోకి దిగినప్పుడే ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని తేల్చాల్సి వస్తుంది. అంటే సందేహం వచ్చిన చోట మనం చేయాల్సిందల్లా మర్యాద ఇవ్వడమే. సర్కారు దవాఖానాలో పేదవాళ్లను ‘ఏమ్మా’, ‘ఏందిరా’, ‘నువ్వు’ అని పిలిచే మన పాత అలవాటు ఇక్కడ బయటపడుతుంది. మరొకటి గమనించండి. తెలుగులో ‘వచ్చింది’ అన్న క్రియ ఆడవారికీ వస్తువుకూ ఒకటే. అందుకే ‘అది వచ్చింది’ అన్న మాట ట్రాన్స్ మహిళ చెవిలో రెండింతలు గుచ్చుకుంటుంది. మనిషిగా కూడా లెక్క వేయలేదని.

ఇంకో తెలుగు తిరకాసు ఉంది. హిందీలో మనిషి తన గురించి తాను చెప్పుకునే క్రియలోనే ఆడో మగో తెలిసిపోతుంది. తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే ఎవరైనా కావచ్చు. కాబట్టి వాళ్ల మాటను బట్టి మనం ఊహించుకోలేం. అడగాల్సిందే: ‘మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?’ ట్రాన్స్ మహిళల్లో చాలామంది ‘అక్కా’ అంటే ఇష్టపడతారు. అది కూడా చనువు ఏర్పడ్డాక. మొదటి రోజే ‘అక్కా, దీవెనలివ్వు’ అని పరాచికాలాడే సిబ్బంది ఉన్నారు. చేతికి రూపాయి ఇచ్చి దీవెన అడగడానికి ఇది గృహప్రవేశం కాదు, ఆసుపత్రి.

కొజ్జా, పేడి, మాడా, చక్కా, తేడా... ఈ మాటలు సిబ్బంది గదిలో టీ తాగుతూ కూడా వద్దు. గదిలో అలవాటైన నోరు కౌంటర్లో జారుతుంది. వాళ్లు వాళ్లలో వాళ్లు ఏమని పిలుచుకున్నా ఆ హక్కు మనకు రాదు.

రిజిస్టర్ అంటే వాళ్లకున్న బెదురు వెనక చరిత్ర కూడా ఉంది. హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి ఒక చట్టం ‘యూనక్’ల (నపుంసకుల) పేర్లు రిజిస్టర్లో రాయించాలని, ఆడవేషంలో బజారులో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చని చెప్పింది. పేరుకు పాతదైనా అది పుస్తకాల్లో బతికే ఉంది. ట్రాన్స్ ఉద్యమకారులు పిటిషన్ వేశాక, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. కనుక మీరు ‘ఈ వివరం ఎందుకు?’ అన్న ప్రశ్న వింటే విసుక్కోకండి, ఎందుకో చెప్పండి. చెప్పలేకపోతే ఆ వివరం అడగకండి.

మూడో మెట్టు: గదిలో మొదటి అయిదు నిమిషాలు

వచ్చిన బాధతో మొదలుపెట్టండి. ఇంత చిన్న మాట రాయాల్సి రావడం సిగ్గే. చెయ్యి విరిగి వస్తే ‘ఆపరేషన్ ఎప్పుడైంది?’ అని, జ్వరంతో వస్తే ‘హెచ్‌ఐవీ పరీక్ష చేయించావా?’ అని అడిగిన డాక్టర్ల సంగతి ప్రతి ట్రాన్స్ మనిషీ చెబుతారు. డెంగీ దోమ ఎవరి జెండర్నీ అడగదు. మీ ప్రశ్నకూ వచ్చిన జబ్బుకూ సంబంధం ఉందా అని ఒక్క క్షణం ఆగి చూసుకోండి. ఉంటే కారణం చెప్పి అడగండి: ‘కడుపునొప్పి అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, గర్భసంచి ఉందా, తీయించారా?’ కారణం ముందు, ప్రశ్న తర్వాత.

ట్రాన్స్ పురుషుడు కడుపునొప్పితో వస్తే గర్భం గురించి ఆలోచించండి. గడ్డం చూసి ఆ పరీక్ష వదిలేస్తే ట్యూబులో గర్భం పగిలి ప్రాణం మీదికి వస్తుంది. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తీసుకుంటూ నెలసరి ఆగిపోయినా గర్భం రావచ్చు. అది గర్భనిరోధక మందు కాదు.

కేస్ షీట్‌లో నేను ఒక చిన్న జాబితా రాసుకుంటాను: ఇప్పుడు శరీరంలో ఏ అవయవాలు ఉన్నాయి, ఏవి తీశారు, ఏ మందులు నడుస్తున్నాయి. స్క్రీనింగ్ అంతా దాని మీదే నడుస్తుంది. గర్భాశయ ముఖద్వారం ఉన్న ప్రతి మనిషికీ దాని క్యాన్సర్ పరీక్ష అవసరం, మీసాలున్నా సరే. ట్రాన్స్ మహిళకు యోని నిర్మాణ ఆపరేషన్ జరిగినా ప్రోస్టేట్ లోపలే ఉంటుంది, దాన్ని తీయరు. పైగా ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) మీద ఉన్నవారిలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చూసే రక్తపరీక్ష) సహజంగానే బాగా తగ్గి ఉంటుంది కనుక, మామూలు మగవారి పరిమితిలో ఉందని ధీమాగా ఉండకూడదు.

వెంట వచ్చిన మనిషి ఎవరో చూడండి. గురువు రావచ్చు, తోటి చేలా రావచ్చు, భర్తలా ఉండే స్నేహితుడు రావచ్చు. ‘రక్తసంబంధీకులు ఎవరూ లేరా?’ అని పదిసార్లు అడగకండి. ఇంట్లోంచి గెంటేసిన మనిషికి ఆ గురువే అమ్మ. అయినా కనీసం రెండు నిమిషాలు పేషెంటుతో ఒంటరిగా మాట్లాడండి. దెబ్బలు, అప్పు, బలవంతం లాంటివి ఎవరి ఎదుటా రావు.

నాలుగో మెట్టు: పరీక్ష చేసేటప్పుడు

అవసరం లేకపోతే బట్టలు తీయించకండి. అవసరమైతే ఏది, ఎందుకు చూస్తున్నారో ముందే చెప్పండి. గదిలో తోడుగా సిస్టర్ ఉండాలా, బ్రదర్ ఉండాలా అని పేషెంటునే అడగండి. టీచింగ్ ఆసుపత్రుల్లో ఒక దురాచారం ఉంది. ‘రండి, ఇలాంటి కేసు మళ్లీ దొరకదు’ అని పీజీలను, హౌస్ సర్జన్లను మంచం చుట్టూ మూగించడం. ఒప్పుకోలు లేకుండా ఒక్కరు కూడా అదనంగా ఉండకూడదు. ఫోన్ కెమెరా సంగతి చెప్పనే అక్కర్లేదు.

అవయవాల పేర్లు చాలామందికి ఇబ్బంది. ట్రాన్స్ పురుషుణ్ణి పట్టుకుని ‘బ్రెస్ట్’ అనే బదులు ‘ఛాతీ’ అనండి. వాళ్లు వాడిన మాటనే మీరూ వాడితే గొడవే లేదు. ఛాతీ చదునుగా కనబడటానికి వాళ్లు బిగుతు బైండర్ వేసుకుంటారు. దొరకనివాళ్లు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటారు. అది చాలా చెడ్డది, ఊపిరి తీస్తున్నకొద్దీ బిగుస్తుంది, పక్కటెముకలు నొప్పిపుడతాయి. మన ఎండల్లో చర్మం పుండ్లు పడుతుంది. ‘తీసేయ్’ అనకుండా, సరైన సైజు బైండర్ వాడమని, రోజుకు ఎనిమిది గంటలు మించవద్దని, పడుకునేటప్పుడు తీసేయమని చెప్పండి. ఈసీజీకి, ఎక్స్‌రేకి తీయాల్సి వస్తే తెర వేసి, అయిపోగానే మళ్లీ వేసుకునే సమయం ఇవ్వండి.

అయిదో మెట్టు: హార్మోన్లు

ఇక్కడ కాస్త నిలబడాలి. మన దగ్గర ఎక్కువ ప్రమాదం జరిగేది ఇక్కడే.

చాలామంది ట్రాన్స్ మహిళలు డాక్టర్ దగ్గరికి రాకముందే మెడికల్ షాపు నుంచి గర్భనిరోధక మాత్రలు తెచ్చుకుని వాడుతుంటారు. ఎవరో అక్క చెప్పింది, చవకగా దొరుకుతుంది, ఎవరూ ప్రశ్నలు అడగరు. మాలా-డి లాంటి మాత్రలో ఎథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకు ఒకటి వేసుకునే మాత్రను తొందరగా మార్పు రావాలని నాలుగైదు మింగుతారు. ఈ రకం ఈస్ట్రోజన్‌తో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే ట్రాన్స్ వైద్యంలో దీన్ని వాడవద్దని మార్గదర్శకాలు చెబుతాయి. ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా గడ్డ ఉందేమోనని మొదట చూడాల్సింది వీళ్లలోనే. బీడీ, సిగరెట్ కూడా ఉంటే మరీ.

అలా వాడుతున్నారని తెలిసినప్పుడు చాలామంది డాక్టర్లు చేసే పని ‘అన్నీ ఆపెయ్’ అని గదమాయించడం. ఆపరు. మీ దగ్గరికి రావడం ఆపుతారు. నేను చేసేది వేరు: ఏం వాడుతున్నారో రేపర్ తెమ్మంటాను, బీపీ చూస్తాను, లివర్, కిడ్నీ, షుగర్, లిపిడ్ పరీక్షలు రాస్తాను, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి చీటీ రాస్తాను. అక్కడికి వెళ్లేలోగా ఆ మాత్రల స్థానంలో ఏది తక్కువ ప్రమాదమో ఫోన్లోనే ఆ నిపుణుణ్ణి అడిగి చెబుతాను.

నిపుణులు ఇచ్చేది సాధారణంగా ఈస్ట్రడయోల్ మాత్రలో జెల్లో. చర్మం ద్వారా ఇచ్చే దానితో గడ్డకట్టే ప్రమాదం తక్కువ. దానికి తోడు టెస్టోస్టెరాన్‌ను అణిచే మందు. స్పైరనోలాక్టోన్ అయితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. కిడ్నీ సరిగా లేనివారు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారు మరీ జాగ్రత్త. కోనసీమ నుంచి వచ్చినావిడ రోజుకు మూడు కొబ్బరిబోండాలు తాగుతానంటే నేను ఉలిక్కిపడ్డాను. ఆహారం సంగతి కూడా అడగాలి. సైప్రోటెరోన్ అయితే రోజుకు 10 మిల్లీగ్రాములు చాలు. పెద్ద మోతాదులో ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే కణితి ముప్పు ఉంది.

ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు. జిమ్ కోచ్‌ల దగ్గర, ఆర్‌ఎంపీల దగ్గర వేయించుకునేవారూ ఉన్నారు. దీనిలో కనిపెట్టాల్సింది రక్తం చిక్కబడటం. హీమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే మోతాదు, ఇంజెక్షన్ల మధ్య ఎడం మళ్లీ చూసుకోవాలి.

మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో పరీక్షలు. ఆశలను కూడా సరిచేయాలి. ఈస్ట్రోజన్‌తో రొమ్ముల ఎదుగుదల మూడు నుంచి ఆరు నెలల్లో మొదలవుతుంది, పూర్తి కావడానికి రెండుమూడేళ్లు పడుతుంది. గొంతు మారదు, గడ్డం పోదు. గొంతుకు స్పీచ్ థెరపీ, గడ్డానికి లేజర్. టెస్టోస్టెరాన్‌తో బొంగురుపోయిన గొంతు మాత్రం మందు ఆపినా వెనక్కి రాదు. పిల్లలు కావాలనే ఆలోచన ఉందా అని హార్మోన్లు మొదలుపెట్టకముందే అడగాలి. వీర్యం, అండాలు భద్రపరచుకునే వీలు ఉందని కూడా చెప్పాలి. ఇరవై రెండేళ్ల మనిషి ‘అక్కర్లేదు’ అనేస్తారు. చెప్పడం మన పని.

టీబీ మందులు వాడుతున్నవారైతే ఒక మాట గుర్తుంచుకోండి. రిఫాంపిసిన్ ఈస్ట్రోజన్‌ను తొందరగా విరగ్గొట్టి రక్తంలో దాని మోతాదు తగ్గిస్తుంది. ‘టీబీ మందుతో నా ఒళ్లు మళ్లీ మగాడిలా అవుతోంది’ అని మందు మానేసే ప్రమాదం ఉంది. ముందే చెప్పి, ఆర్నెల్ల కోర్సు పూర్తి చేయించాలి. హెచ్‌ఐవీ మందుల మీద కూడా ఇదే భయం ఉంటుంది. మన ఏఆర్‌టీ సెంటర్లలో ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే డాల్యుటెగ్రవిర్ మాత్రకూ ఈస్ట్రోజన్‌కూ చెప్పుకోదగ్గ గొడవ లేదు. రెండూ వాడుకోవచ్చని నోరు తెరిచి చెప్పండి. అడక్కుండానే చెప్పండి.

ఆరో మెట్టు: నిర్వాణం తర్వాత

నిర్వాణం అంటే పురుషాంగం, వృషణాలు రెండూ తీసేయడం. కొందరికి ఇది ఆపరేషన్ థియేటర్లో జరుగుతుంది. కొందరికి ఎక్కడ, ఎవరి చేతిలో జరిగిందో చెప్పుకోలేని చోట. ‘ఎవరు చేశారు? పోలీసు కేసు పెట్టాలి’ అని మొదలుపెడితే గాయం చూపించరు. ముందు ఇన్ఫెక్షన్, రక్తస్రావం, మూత్రం సంగతి చూడండి.

ఏళ్ల తర్వాత వచ్చే రెండు ఇబ్బందులను మనం పట్టించుకోం. ఒకటి నేను మొదట చెప్పిన మూత్రద్వారం సన్నబడటం. ధార సన్నగా, చిమ్ముతున్నట్టు, ముక్కితే గానీ రాకపోవడం, పదేపదే ఇన్ఫెక్షన్లు... ఇవి వింటే యాంటీబయాటిక్ రాసి పంపకుండా యూరాలజీకి పంపండి. క్యాథెటర్ పెట్టాల్సి వస్తే సన్నదానితో, జెల్లీ బాగా వాడి, నెమ్మదిగా. దిగకపోతే బలవంతం చేయకండి.

రెండోది ఎముకలు. వృషణాలు తీసేశాక ఒంట్లో సెక్స్ హార్మోన్ దాదాపు మిగలదు. ఈస్ట్రోజన్ కూడా వాడకపోతే నలభై ఏళ్లకే ఎముకలు గుల్లబారవచ్చు. ‘ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంక మాత్రలెందుకు’ అని మానేసినవారు చాలామంది. నడుంనొప్పితో వచ్చిన ప్రతిసారీ పెయిన్‌కిల్లర్ ఇచ్చి పంపడం కాదు, ఈ ప్రశ్న అడగండి.

ఏడో మెట్టు: ల్యాబ్, వార్డు

ల్యాబ్ రిపోర్టులో ‘నార్మల్’ అనే గీత ఆడవారికి ఒకచోట, మగవారికి ఒకచోట ఉంటుంది. టెస్టోస్టెరాన్ మీద ఏడాదిగా ఉన్న ట్రాన్స్ పురుషుడికి హిమోగ్లోబిన్ 16 వచ్చిందనుకోండి. ఆధార్‌లో స్త్రీ అని ఉంటే కంప్యూటర్ దాన్ని ఎక్కువ అని ఎర్రగా చూపిస్తుంది. నిజానికి మగవారి కొలత ప్రకారం అది మామూలే. అదే మనిషికి 12 వస్తే ఆడవారి కొలతలో నార్మల్ అని వదిలేస్తాం, రక్తహీనత దాటిపోతుంది. కొన్ని నెలలు హార్మోన్ల మీద ఉన్నవారికి ఆ హార్మోన్‌కు తగిన కొలతే చూడాలి. క్రియాటినిన్‌కూ ఇదే వర్తిస్తుంది, సందేహంగా ఉంటే రెండు కొలతలూ పక్కపక్కన రాయమనండి. పరీక్ష రాసిచ్చే చీటీ మీద ఏ హార్మోన్ ఎంతకాలంగా వాడుతున్నారో ఒక్క వాక్యం రాసి పంపితే ల్యాబ్‌వాళ్ల పని తేలికవుతుంది.

అడ్మిషన్ అనగానే సిబ్బందికి టెన్షన్: ఏ వార్డులో పెట్టాలి? పేషెంటును అడగండి. ట్రాన్స్ మహిళను మగవారి వార్డులో పడేస్తే ఆ రాత్రి ఆవిడకు నిద్ర ఉండదు, ఒక్కోసారి అంతకన్నా ఘోరమే జరుగుతుంది. వీలైతే ఆడవారి వార్డులో డ్యూటీ సిస్టర్ బల్లకు దగ్గరి మంచం, తెరతో. ప్రత్యేక గది ఖాళీ ఉంటే మంచిదే, అయితే అది వెలివేసినట్టు వరండా చివర స్టోర్ రూమ్ పక్కన ఉండకూడదు. బాత్రూమ్ కూడా వాళ్లడిగిందే. పక్క మంచం అటెండెంట్ అభ్యంతరం చెబితే, ‘ఆవిడ కూడా పేషెంటే, మీకు ఇబ్బంది ఉంటే మీ మంచం మారుస్తాం’ అనడం నేర్చుకున్న ఒక హెడ్ సిస్టర్‌తో నేను పనిచేశాను. ఆవిడ డ్యూటీలో ఉంటే నాకు బెంగే ఉండేది కాదు.

ఎనిమిదో మెట్టు: మనసు

హార్మోన్ల కన్నా ముందు మనసును పరీక్షించి ‘సర్టిఫికెట్’ ఇవ్వడమే మానసిక వైద్యుడి పని అనుకుంటాం. అసలు అవసరం వేరే చోట ఉంది. ఇల్లు పోవడం, చదువు ఆగడం, ఉద్యోగం దొరకకపోవడం, రోజూ బజార్లో మాటలు పడటం... వీటి వల్ల దిగులు, నిద్రలేమి, తాగుడు అలవాటు, చనిపోవాలనే ఆలోచన వస్తాయి. ‘చచ్చిపోవాలని అనిపిస్తుందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఉచితంగా తెలుగులో కూడా మాట్లాడే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి, రాసిచ్చి మీ పని అయిపోయిందనుకోకండి.

తమలాంటివారే డాక్టరుగా కనబడితే ఎంత తేడా వస్తుందో హైదరాబాద్‌లో చూశాం. 2022 చివర్లో ఉస్మానియా ఆసుపత్రి ఏఆర్‌టీ సెంటర్లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ మెడికల్ ఆఫీసర్లుగా చేరారు, ఇద్దరూ ట్రాన్స్ మహిళలే. అంతకుముందు 2021 జనవరిలో నారాయణగూడలో ట్రాన్స్ మనుషులే నడిపే మిత్ర్ క్లినిక్ మొదలైంది. హార్మోన్లు, కౌన్సెలింగ్, హెచ్‌ఐవీ పరీక్ష అన్నీ ఒకే కప్పు కింద. 2025 మొదట్లో అమెరికా నిధులు ఆగిపోవడంతో అది మూతపడి, తర్వాత సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఒక్క క్లినిక్ తలుపు మూస్తే ఎంతమంది దిక్కులు చూడాల్సి వస్తుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. 2011 జనగణనలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’ గడిలో 43,769 మంది లెక్కకొచ్చారు. చెప్పుకోనివారు ఆ లెక్కలో లేరు.

చివరి మెట్టు: కాగితాలు, డబ్బు, ఫోను

జ్వరానికి, దెబ్బకు, కాన్పుకు, దేనికీ ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ చూపించమని అడగకూడదు. అది ప్రభుత్వ పథకాలకు కావాల్సిన కాగితం. 2022లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పథకం ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా బీమా ఇస్తుందని చెప్పింది, హార్మోన్లు, ఆపరేషన్లు కూడా అందులో ఉన్నాయి. దానికి సర్టిఫికెట్ కావాలి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం కింద ఆ దరఖాస్తు కలెక్టర్ ద్వారా నడుస్తుంది. అయితే చట్టాలు, నియమాలు మారుతుంటాయి. పాత జిరాక్స్ చూసి సలహా ఇవ్వకుండా, తాజా పద్ధతి ఏమిటో జిల్లా సంక్షేమ శాఖలో కనుక్కోమని చెప్పండి. వీలైతే మీ ఆసుపత్రి నుంచే ఒక ఫోన్ చేసి పెట్టండి.

డిశ్చార్జి కాగితంలో జబ్బుకు సంబంధం లేకపోతే ‘ట్రాన్స్‌జెండర్’ అని పెద్ద అక్షరాలతో రాయనక్కర్లేదు. ఆ కాగితం ఆఫీసులో సెలవు కోసం ఇస్తారు, ఇంటి ఓనర్ కంట పడుతుంది. ‘మీ కాగితం మీద ఏ పేరు ఉండాలి?’ అని అడిగి రాయండి.

పేరు పొరపాటున తప్పు పలికితే ‘సారీ అండి’ అని సరిచేసుకుని ముందుకెళ్లిపోవాలి. అయిదు నిమిషాలు క్షమాపణ చెబుతూ కూర్చుంటే పేషెంటే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

చాలా ఆసుపత్రులు మర్చిపోయేది ఫోన్ సంగతి. బయాప్సీ రిపోర్ట్ వచ్చిందని, రేపు ఖాళీ కడుపుతో రమ్మని మన కౌంటర్ నుంచి కాల్ వెళ్తుంది. అవతల ఎత్తేది అమ్మ కావచ్చు, తమ్ముడు కావచ్చు. ఇంట్లో ఇంకా పాత పేరే నడుస్తుండవచ్చు. అందుకే నంబరు రాసుకునేటప్పుడే మూడు ప్రశ్నలు అడిగి చీటీ వెనక రాసుకుంటాం: ఈ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు ఎత్తినా ఏ పేరు అడగాలి, ఆసుపత్రి నుంచి అని చెప్పవచ్చా లేదా. ‘చెప్పొద్దు’ అన్నవారికి మా సిస్టర్ ‘కొరియర్ వచ్చిందండి, ఒకసారి వచ్చి తీసుకెళ్తారా’ అని చెబుతారు. ఆ మాట కూడా పేషెంటును అడిగే పెట్టుకున్నాం.